నాలుగు వందల గీత

ఆ వీడియో నిడివి ముప్పై ఎనిమిది సెకన్లు. తెల్లారినప్పటి నుంచి ఇన్‌స్పెక్టర్ ప్రేమలత ఫోన్‌లోకి దాన్ని పదకొండు మంది పంపారు. పదకొండో మనిషి సొంత మేనత్త. "మా ప్రేమ టీవీల పడ్డది" అని రాసి కింద రెండు పూల బొమ్మలు కూడా పెట్టింది. వీడియోలో ప్రేమలత ఒక నర్సు మణికట్టు పట్టుకుని దవాఖాన మెట్లు దింపుతోంది. నర్సు కాళ్లకు వార్డులో వేసుకునే నీలం రబ్బరు చెప్పులున్నాయి. "మేడం, నా చెప్పులేసుకొని వస్త, ఒక్క నిమిషం" అని ఆమె బతిమాలడం, "నడువ్" అని ప్రేమలత కసురుకోవడం చక్కగా వినిపిస్తున్నాయి.

అది బుధవారం సాయంత్రం ఐదున్నరకు. ఇప్పుడు గురువారం పదకొండూ పది. ప్రేమలత అవే మెట్లు ఎక్కుతోంది, కానీ నిన్నటి జోరు లేదు. గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి మెచ్చుకోలుగా సెల్యూట్ కొడితే తల పక్కకు తిప్పుకుంది. ఆమెకు సిగ్గుగా ఉంది. ఇరవై ఏళ్ల సర్వీసులో తిట్లు తిన్నది, బదిలీలు తిన్నది, కానీ ఒక సెల్యూట్ చూసి మొహం దాచుకోవాలనిపించడం ఇదే మొదలు.

కారణం పొద్దున ఎనిమిదింటికి చేతికొచ్చిన ఒక ల్యాబు కాగితం.

కేసు చూడ్డానికి చిన్నదే. మహిపాల్‌కు ముప్పై ఏళ్లు, ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు కాంటా వేస్తాడు. రెండు కిడ్నీలూ చెడి రెండేళ్లుగా డయాలసిస్ మీద బతుకుతున్నాడు. సోమవారం అతని తల్లి సమ్మమ్మ కిడ్నీ తీసి అతనికి అమర్చారు. మంగళవారం కులాసాగా ఉన్నాడు. బుధవారం మధ్యాహ్నం రెండూ నలభైకి ఊపిరాడక గిలగిల్లాడి వెంటిలేటర్ మీదికి పోయాడు. కిడ్నీ మార్చిన మనిషికి మామూలు ఉప్పునీళ్ల సెలైన్ పెట్టాల్సింది పోయి నర్సు విమల పొటాషియం కలిసిన బాటిల్ పెట్టిందనీ, ఆ పొటాషియమే గుండెకు ఎక్కిందనీ దవాఖాన ఫిర్యాదు ఇచ్చింది. ఖాళీ బాటిళ్లు బల్ల మీద వరసగా పెట్టి చూపించారు. లేబుల్ మీద పొటాషియం అని అచ్చు వేసే ఉంది. ప్రేమలతకు ఇంకేం కావాలి? అరగంటలో కేసు తేల్చి, నర్సును జీపెక్కించింది.

ల్యాబు కాగితం మాత్రం వేరే మాట చెప్పింది. రెండూ యాభైకి తీసిన రక్తంలో పొటాషియం ఐదూ పాయింట్ మూడు. తెలిసిన డాక్టరమ్మకు ఫోన్ చేస్తే ఆవిడ నవ్వింది. "జర ఎక్కువనే, కాని గంతకే గుండె ఆగుతదా? డయాలసిస్ పేషెంట్లు ఆరుతోని గూడ నడుచుకుంట వస్తరు."

సాయంత్రం ఐదున్నర లోపల విమలను కోర్టులో నిలబెట్టాలి. రిమాండు రిపోర్టు ప్రేమలత చేతిసంచిలోనే ఉంది, కింద తన సంతకంతో సహా. ఆ కాగితం కోర్టుకు చేరితే విమల జైలుకు పోతుంది. పదకొండేళ్ల ఉద్యోగం, వర్ధన్నపేటలో తలెత్తుకుని తిరిగే ఇల్లు, అన్నీ పోతాయి. చేరకూడదంటే, బాటిల్ కాకపోతే మరేమిటో ప్రేమలత ఐదున్నరలోపు తేల్చాలి.

మొదటి అంతస్తులో రాజేశ్వర్ రావు ఎదురొచ్చాడు. ఆయన రిటైరైన డీఎస్పీ, ఇప్పుడు దవాఖానకు సలహాదారు. అంటే దవాఖాన మీదికి ఏ మచ్చా రాకుండా చూసే మనిషి. ఒకప్పుడు ప్రేమలతకు పంచనామా రాయడం నేర్పింది ఆయనే. తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు, మొహం నిండా ఆప్యాయత.

"ఏందమ్మా ప్రేమలతా, మళ్ల వచ్చినవ్? కేసు అయిపాయె గద."

"ఇంక కొంచెం చూడాలె సార్. పొటాషియం ఐదు పాయింట్ మూడే ఉన్నది."

"నువ్వెప్పుడు డాక్టర్‌వైనవు?" అని నవ్వాడాయన. "డాక్టర్ రాయంది నర్సు పెట్టింది. గంతే. నెంబర్లు నీకెందుకు?"

"రూం చూడాలె."

"పన్నెండింటికి కడుగుతున్నరు. ఇంకో పేషెంట్ వస్తుండు."

"కడుగొద్దు. నిన్న సీల్ వేసిన రూం అది."

ఆప్యాయత కొంచెం తగ్గింది. "సీల్ నువ్వే వేసినవ్, దొంగను నువ్వే పట్టినవ్, ప్రెస్సుకు నువ్వే చెప్పినవ్. ఇయ్యాల నువ్వే కాదంటే నవ్వుతరు బిడ్డా. నీ మంచికే చెప్తాన."

అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. అందుకే ప్రేమలత చెవులు వేడెక్కాయి. ఆయన్ను దాటుకుని డాక్టర్ గదిలోకి నడిచింది.

డాక్టర్ అభిషేక్ కుర్రవాడు. మహిపాల్‌ను ఆపరేషన్ తర్వాత చూసుకుంటున్నది అతనే. రెండు రోజులుగా నిద్ర లేనట్టు కళ్లు గుంటలు పడ్డాయి. నిన్న ప్రేమలత అతనితో ఫోన్‌లో ఒక్క నిమిషం మాట్లాడింది. ఆ బాటిల్ పెట్టమని మీరు రాసిచ్చారా అంటే, రాతపూర్వకంగా ఇవ్వలేదు అన్నాడు. ఆ ముక్క పట్టుకుని ఆమె అరెస్టు చేసింది. ఇవాళ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"రాసియ్యలేదన్నరు. మరి నోటితోని చెప్పిన్రా?"

అభిషేక్ తలుపు వైపు చూశాడు.

"తలుపు వేసే ఉంది డాక్టర్ గారూ. విమల నిన్ననే చెప్పింది, మంగళవారం సాయంత్రం మీరే ఫోన్‌ల చెప్పిన్రని. నేనే నమ్మలే."

అభిషేక్ టేబుల్ మీది స్టెతస్కోపు ట్యూబును వేలికి చుట్టుకున్నాడు. "నేనే చెప్పిన మేడం. తెల్లారి వచ్చి సంతకం పెడతనన్న. పెట్టలే."

"ఎందుకు?"

"పెద్ద డాక్టర్‌కు ఇష్టం లేదు. ఆయనది పాత పద్ధతి. కిడ్నీ మార్చినంక ఉప్పునీళ్ల సెలైనే పెట్టాలంటడు, దాంట్ల పొటాషియం ఉండదు కాబట్టి. వినడానికి బాగనే ఉంటది. కాని ఈ పేషెంట్లకు రోజుకు లీటర్లకు లీటర్లు ఎక్కించాలె. గంత ఉప్పునీళ్లు పోతే రక్తంల ఆమ్లం పెరుగుతది. ఆమ్లం పెరిగితే ఒంట్ల ఉన్న పొటాషియమే బయటికొస్తది. దేనికి భయపడి సెలైన్ పెట్టినమో అదే అయితది. నేను చెప్పింది బ్యాలెన్స్‌డ్ ఫ్లూయిడ్. మన రక్తంల ఎట్లుంటదో ఇంచుమించు అట్లనే ఉంటది. లీటరుకు ఐదు యూనిట్ల పొటాషియం. దాంతోని ఎవ్వరూ చావరు. పెద్ద పరిశోధనలు జరిగినయి మేడం, కొత్త కిడ్నీ జల్దీ అందుకుంటది, మళ్ల డయాలసిస్ అవసరం తగ్గుతది."

"అంటే మీరు చెప్పింది మంచి మందే."

"మంచిదే."

"ఆమె పెట్టింది మీరు చెప్పిందే."

"చెప్పిందే."

"మరి నిన్న ఆమెను మెట్ల మీద గుంజుకపోతుంటే మీరెక్కడున్నరు?"

అభిషేక్ చెయ్యి ఆగిపోయింది. "కిటికీల నుంచి చూసిన" అన్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇంకో రోజైతే ప్రేమలత అతని చొక్కా పట్టుకునేది. ఇవాళ ఆ హక్కు తనకు లేదని తెలుసు. గుంజుకుపోయింది తను.

"సరే. బాటిల్ తప్పు కాదు. మనిషెందుకు పడ్డడు?"

"ఊపిరితిత్తుల నిండ నీళ్లు. ఎక్స్‌రే తెల్లగ వచ్చింది. కాని నీళ్లు ఎక్కువెట్లయినయో నాకూ అర్థమైతలేదు. లెక్క ప్రకారమే పోయినయి. గంట గంటకు మూత్రం కొలుస్తరు. ఎంత వస్తే అంత, దాని మీద ఇంకో యాభై మిల్లీలీటర్లు, సెలైన్ రూపంల లోపలికి పంపుతరు. కొత్త కిడ్నీ ఎండిపోవద్దు, మునిగిపోవద్దు. గదే లెక్క."

ప్రేమలత చేతిసంచిలోంచి గంటగంటకూ రాసే చార్టు తీసి బల్ల మీద పరిచింది. నిన్న ఆమె ఇందులో చూసింది బాటిళ్ల పేర్లు మాత్రమే. పక్కనున్న మూత్రం వరసను కన్నెత్తి చూడలేదు. ఇప్పుడు వేలు పెట్టి చదివింది. మంగళవారం 485, 520, 365, 410, 455. బుధవారం పొద్దున ఎనిమిదింటికి 310. ఆ తర్వాత తొమ్మిదికి 400, పదికి 400, పదకొండుకు 400. రెండింటి దాకా ఆరు గంటలు, ఆరుసార్లూ నాలుగు వందలే. పక్కన విమల పొట్టి సంతకం.

"మనిషి మూత్రం గింత పద్ధతిగ వస్తదా డాక్టర్ గారూ?"

అభిషేక్ ముందుకు వంగి చూశాడు.

పన్నెండు కావడానికి పది నిమిషాలుంది. ప్రేమలత సీల్ తీసి గదిలోకి వెళ్లింది. రాజేశ్వర్ రావు తలుపు దగ్గరే నిలబడ్డాడు, చేతులు వెనక కట్టుకుని.

మంచం, మానిటర్, రెండు సెలైన్ స్టాండ్లు. మంచం పక్కన ఇనుప స్టూలు. కొక్కానికి, లోపలికొచ్చేవాళ్లు బట్టల మీద తొడుక్కునే గౌన్లు రెండు వేలాడుతున్నాయి. నర్సు ఒక్కతే అయితే రెండోది ఎవరిది? ఆమె అడగలేదు, బాత్‌రూంలోకి నడిచింది. కుళాయి కింద మూత్రం కొలిచే ప్లాస్టిక్ జగ్గు బోర్లించి ఉంది. తీసి వెలుతురుకు పట్టి చూసింది. వంద, రెండు వందలు, మూడు వందలు, నాలుగు వందలు, ఐదు వందలు. గీతకూ గీతకూ మధ్య ఏమీ లేదు. మంగళవారం కొలిచిన వాళ్లు 485, 365 అని రాశారంటే గీతల మధ్య కళ్లు చిట్లించి అంచనా కట్టారన్నమాట. బుధవారం ఆ బాధ ఎవరూ పడలేదు. మూత్రానికి ఆ గీతతో పనిలేదు, ఎక్కడ ఆగాలో దానికి తెలియదు. గీత దగ్గర ఆపేది మనిషి చెయ్యి.

తలెత్తి అద్దంలోకి చూసింది. అద్దం కుడివైపు అంచున మూడు బొట్టుబిళ్లలు అతికించి ఉన్నాయి. ముదురు ఎరుపువి, మూడూ ఒకే సైజు. మొహం కడుక్కునేటప్పుడు తీసి అద్దానికి అంటించి మర్చిపోవడం ఏ ఇంట్లో చూసినా ఉండేదే. ప్రేమలత ఇంట్లో అద్దం అంచు నిండా అవే.

"సార్, ఈ రూంల షిఫ్టుకు ఒక్కరుగ డ్యూటీ చేసిన నర్సులు విమల, ప్రసన్న. ఇద్దరే గద?"

"ఇద్దరే."

"ఇద్దరూ చర్చికి పోయేటోళ్లు. ఇద్దరికీ బొట్టు అలవాటు లేదు. మరి ఇవెవరివి?"

రాజేశ్వర్ రావు లోపలికి తొంగి చూసి మళ్లీ వెనక్కి జరిగాడు. "తుడిచేటామెవేమో."

"తుడిచేటామె రోజు వచ్చి మొహం కడుక్కుంటదా ఇక్కడ? లోపల ఇంటోళ్లెవరో అటెండెంట్‌గ ఉన్నరు సార్. నిన్నటి దాంక మూడు రోజులు ఉన్నరు."

"అటెండెంట్‌ను లోపలికి రానియ్యం. రూల్ అది. గోడకు రాసి పెట్టినం."

"గోడకు రాసిన్రు. డ్యూటీల మాత్రం గిట్లాంటి నాలుగు రూంలల్ల నాలుగు బెడ్లకు ఒక్క నర్సును పెట్టిన్రు. నాలుగు బెడ్ల మూత్రం గంట గంటకు ఒక్కతే ఎట్ల కొలుస్తది? మూత్రం సంచి ఖాళీ చేసి జగ్గుల పోసి పెట్టేది అటెండెంట్. నర్సు వచ్చి చూసి రాసుకుంటది. అవునా కాదా?"

ఆయన వరండా వైపు తిరిగాడు. అవును అని చెప్పడానికి అంతకంటే మంచి పద్ధతి లేదు. నిన్న బాటిళ్లు అంత శుభ్రంగా వరసపెట్టి ఎందుకు చూపించారో ఇప్పుడు తెలిసింది. బాటిల్ మీద కన్ను పడితే జగ్గు మీద పడదు. తను పసిపిల్లలా ఆ బాటిళ్లు పట్టుకుని ఆడింది.

చార్టు వెనక పిన్ను కొట్టిన చీటీలు ఒక్కొక్కటే తిప్పింది. నాలుగోది ల్యాబుది. బుధవారం పన్నెండింటికి పంపిన మూత్రం శాంపిల్‌లో మూత్రంలో ఉండాల్సినవేవీ లేవు, సరైన శాంపిల్ మళ్లీ పంపండి అని రాసి ఉంది. మళ్లీ ఎవరూ పంపలేదు. దాన్ని ఎవరూ చదివినట్టు కూడా లేదు, ప్రేమలతతో సహా.

మహిపాల్ భార్య తిరుమల రెండో అంతస్తులో అత్తగారి గది బయట బెంచీ మీద ఉంది. పాతికేళ్లుంటాయి. నుదుట ముదురు ఎర్రటి బొట్టుబిళ్ల. నిన్నటి నుంచి అన్నం ముట్టలేదేమో, టిఫిన్ డబ్బా మూత తీయకుండా ఒళ్లో పెట్టుకుని ఉంది. ప్రేమలత పక్కన కూర్చుంది. రాజేశ్వర్ రావు కొంచెం దూరంగా గోడకు ఆనుకున్నాడు.

"తిరుమలా, జగ్గుల నీళ్లెందుకు పోసినవమ్మా?"

తిట్టి, బెదిరించి అడగాల్సిన ప్రశ్న అది. ప్రేమలత పొద్దున ఏం తిన్నవమ్మా అన్నంత మెల్లగా అడిగింది. బెదిరింపుకు తయారై కూర్చున్న పిల్ల ఆ మెల్లదనానికి తట్టుకోలేకపోయింది. ఒళ్లో డబ్బా కిందికి జారింది.

"అత్తమ్మకు చెప్పకుండ్రి మేడం. మీ కాళ్లు మొక్కుత."

"చెప్పు ముందు."

"ఆ కిడ్నీ నేనియ్యాలె మేడం." తిరుమల కొంగు నోట్లో కుక్కుకుంది, మళ్లీ తీసింది. "ముందుగాల నాదే కలిసింది. గ్రూపు కలిసింది, అన్ని కలిసినయి. సంతకం పెట్టే పొద్దు నాకు భయమైంది. కడుపుతోని ఉన్ననని అబద్ధం చెప్పిన. అందరు సంబురపడ్డరు. అత్తమ్మ అయితే నా నెత్తి నిమిరి, నువ్వు ఉండు బిడ్డా, నేనిస్త అన్నది. ఆమె పరీక్షలన్ని అయినంక, కడుపు పోయిందని చెప్పిన. దానికి గూడ ఆమెనే ఏడ్చింది."

బెంచీ మీద ముగ్గురు నలుగురు తిరిగి చూశారు. తిరుమల గొంతు తగ్గించింది.

"నిన్న ఎనిమిదింటి దాంక బాగనే వచ్చినయి. తొమ్మిదింటికి సంచిల చారెడు లేవు. గప్పుడే అత్తమ్మ ఫోన్ చేసింది, ఎంత పోసిండు బిడ్డా నా కొడుకు అని. గంట గంటకు చేస్తది మేడం, కుట్ల నొప్పి మీద పండుకొని గదే అడుగుతది. చారెడు అని ఎట్ల చెప్పాలె? నాలుగు వందలు అన్న. ఫోన్‌ల నాలుగు వందలు చెప్పినంక జగ్గుల గూడ నాలుగు వందలు ఉండాలె గద. సిస్టరక్క వచ్చి ఆమెకు వేరే చెప్తే? కుళాయి తిప్పిన. గంట తర్వాత మంచిగైతది, మంచిగైతది అనుకున్న. మళ్ల ఫోన్ వచ్చింది."

"ఆరు సార్లు."

"రాసుకునేటందుకే అనుకున్న మేడం! ఆ అంకె చూసి లోపలికి సెలైన్ పంపుతరని నాకెవలన్న చెప్పిన్రా? నా చేతులతోని నేనే ముంచిన్నా ఆయనను?"

గంటకు నాలుగు వందలు బయటికి పోతున్నాయనుకుని నాలుగు వందల యాభై లోపలికి పంపారు. పోతున్నది చారెడు. ఆరు గంటల్లో రెండున్నర లీటర్లకు పైగా ఆ మనిషి ఒంట్లో మిగిలిపోయింది. మందు మంచిదే, ఇచ్చిన చెయ్యీ మంచిదే.

రాజేశ్వర్ రావు గొంతు సవరించుకుని దగ్గరికొచ్చాడు. "ఇంకేంది మరి? అయిపాయె. నర్సు పేరు కొట్టేసి పెండ్లాం పేరు రాయి. అటెండెంట్ లోపలుండె అని మాత్రం రాయకు. దొంగతనంగ జొరబడ్డదని రాస్తే సరిపోతది."

ప్రేమలత లేచి నిలబడింది. "నిన్న మీరు చూపించింది రాసిన సార్. ఇయ్యాల నేను చూసింది రాస్త. నాలుగు బెడ్లకు ఒక్క నర్సు అని రాస్త. బొట్టుబిళ్లలు, రెండో గౌను, చదవని ల్యాబు చీటీ, అన్ని రాస్త."

"రాస్తే ముందు ఊడేది నీ ఉద్యోగం. ఆడపిల్లను చెప్పులు గూడ లేకుండ గుంజుకపోయింది దవాఖాన కాదమ్మా. వీడియోల నువ్వున్నవ్. ఎంక్వైరీ నీ మీద పడతది."

"పడాలె సార్" అంది ప్రేమలత.

ఆ దవాఖానలో ఆ రోజు సిగ్గుపడని మనిషి ఆయనొక్కడే. జేబులో పెన్నులు సర్దుకుని ఫోన్ తీస్తూ వరండా చివరికి నడిచాడు.

అప్పటికే ప్రేమలత అభిషేక్‌కు కబురు పెట్టింది. అతను మెట్లెక్కి వచ్చేసరికి ఒంటిగంటా పది. తిరుమల చెప్పినదాన్ని ప్రేమలత రెండు ముక్కల్లో వినిపించింది. నీళ్ల సంగతికి అతను తలూపాడు. కానీ టైం వినగానే మొహం మారిపోయింది.

"తొమ్మిదికే ఆగిందా? మధ్యాహ్నం కాదా?" అని తిరుమల వైపు తిరిగాడు. "అక్కా, మంచిగ యాది చేసుకొని చెప్పు. తొమ్మిదికేనా?"

"తొమ్మిదికే సార్."

"ఏమైంది డాక్టర్ గారూ?"

"పడిపోయినంకనే మూత్రం ఆగిందనుకున్నం మేడం. ఊపిరి ఆడక, ఆ దెబ్బకు కిడ్నీ ఆగింది, మెల్లగ తేరుకుంటది అని ఊరుకున్నం. ముందు ఊపిరితిత్తుల నీళ్లు తీసే పనిల పడ్డం. పొద్దున తొమ్మిదికే, మనిషి మంచిగున్నప్పుడే ఆగిందంటే ఇది వేరే. లోపల ఏదో కిడ్నీని వత్తుతున్నది." మాట పూర్తిచేయకుండానే మెట్ల వైపు పరుగెత్తాడు. "స్కాన్ మిషన్ ఐసీయూకు తెప్పియ్యండి!" అన్న కేక కింది అంతస్తు నుంచి వినిపించింది.

తిరుమల గోడకు తల ఆనించి కూర్చుంది. లోపలి గదిలోంచి సన్నగా ముసలి గొంతు పిలిచింది. "తిరుమలా, ఎట్లున్నడు బిడ్డా? ఇయ్యాల ఎంత పోసిండు?" తిరుమల లేచింది, కళ్లు తుడుచుకుంది, గడప దాకా వెళ్లి ఆగిపోయింది. ప్రేమలత ఆమె భుజం మీద చెయ్యి వేసింది. తర్వాత ఒక మహిళా కానిస్టేబుల్‌ను పిలిచి ఆ పిల్ల పక్కనే ఉండమంది, అరెస్టు చేయమనలేదు. ఈసారి ఎవరి మణికట్టూ పట్టుకోదలచుకోలేదు.

స్టేషన్ చేరేసరికి రెండున్నర. విమల ఆడవాళ్ల గదిలో చాప మీద కూర్చుని ఉంది. యూనిఫాం నలిగిపోయింది. పొద్దున తమ్ముడు పౌలు తెచ్చిన అన్నం సగం తిని మూతపెట్టింది. ప్రేమలత రాగానే లేచి నిలబడబోయింది.

"కూచో విమలా. నేను గూడ కూచుంట." ప్రేమలత చాప మీదనే కూర్చుంది. దారి పొడుగునా అనుకున్న మాటలన్నీ పక్కనపెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "తప్పు చేసిన. అందరి ముందు నిన్ను దొంగను చేసిన. అభిషేక్ ఒప్పుకున్నడు, బాటిల్ ఆయన చెప్పిందే. మహిపాల్ భార్య జగ్గుల నీళ్లు పోసింది. సాయంత్రం నిన్ను ఇంటి దగ్గర దింపుత."

విమల మొహంలో సంతోషం రాలేదు. ఒళ్లో చేతులు పెట్టుకుని వాటినే చూస్తూ ఉంది.

ఫోన్ మోగింది. అభిషేక్. "మేడం, దొరికింది. రక్తం గడ్డకట్టి కిడ్నీ పక్కన కూచున్నది, కిడ్నీకి రక్తం పోయే నరాన్ని వత్తుతాంది. పెద్ద డాక్టరే థియేటర్‌కు తీసుకపోతాండు. ఊపిరి జర నయం, తట్టుకుంటడు."

"కిడ్నీ బతుకుతదా?"

"నిన్న సాయంత్రం తెలిసుంటే ధైర్యంగ చెప్పేటోన్ని. రాత్రంత పోయింది గద. తెరిస్తే గాని చెప్పలేం."

ఫోన్ పెట్టేశాక ప్రేమలత ఆ ముక్కలే విమలకు చెప్పింది. విమల రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఏడుస్తోందనుకుంది ప్రేమలత. చేతులు తీసేసరికి కళ్లు పొడిగానే ఉన్నాయి.

"నేను మంచిదాన్ని కాదు మేడం. నన్ను ఉత్తగ ఇంటికి పంపకుండ్రి."

"అదేంది?"

"పన్నెండింటికి చూసిన. జగ్గుల నాలుగు వందలున్నయి. మహిపాల్ దగ్గరి మూత్రం పైపుల మాత్రం చుక్క లేదు, పొడిగున్నది. గంటకు నాలుగు వందలొచ్చే మనిషికి పైపు పొడిగుంటదా? పదకొండేండ్ల సంది గిదే పని చేస్తాన, నాకు తెల్వదా? తిరుమలను అడిగిన, నువ్వే పట్టినవా అని. అవునక్కా అన్నది. డాక్టర్‌కు చెప్పాలంటే, నేను కొలవకుండనే సంతకం పెడుతున్నననీ చెప్పాలె. సిగ్గయింది. అంతల మూడో బెడ్డోళ్లు పిలిచిన్రు. ఒంటిగంటకు చూద్దాం అనుకొని రాసిన. ఒంటిగంటకు గూడ రాసిన, రెండింటికి గూడ రాసిన."

ఈ ఒక్క సంగతి నిన్న సాయంత్రం తెలిసి ఉంటే సరిపోయేది. అభిషేక్ నిన్ననే స్కాన్ తీసేవాడు. మహిపాల్ నిన్ననే థియేటర్‌లో ఉండేవాడు.

"మరి నిన్న నాకెందుకు చెప్పలే విమలా?" అంది. అడుగుతుంటే తన గొంతు తనకే నిష్ఠూరంగా వినిపించింది. "రెండు గంటలు ఎదురుగ కూచున్నం గద."

విమల ఆశ్చర్యంగా చూసింది. మర్చిపోయారా అన్నట్టు చూసింది.

"చెప్పబోయిన మేడం. బాటిల్ ఎవరిచ్చిన్రు, ఎందుకు పెట్టినవ్, లేబుల్ చదివినవా లేదా అని మీరు అదే అడుగుతున్నరు. బాటిల్ కాదు మేడం, ఇంకోటి చెప్పాలె, పైపు సంగతి అన్న. అడిగినదానికి జవాబు చెప్పు, కతలు చెప్పకు అన్నరు. తర్వాత మళ్ల అన్న. అప్పుడు మీరు ఫోన్‌ల ప్రెస్సోళ్లతోని మాట్లాడుతున్నరు. చేతితోని ఆగమన్నరు. ఇగ ఆగిన."

ప్రేమలతకు గుర్తొచ్చింది. మొత్తం గుర్తొచ్చింది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, కాలు మీద కాలు వేసుకుని, అరచెయ్యి అడ్డం పెట్టి ఆగమనడం. ఫోన్ అవతల ఎవరో "అభినందనలు మేడం" అనడం. ఎదురుగా ఒక మనిషి నోరు తెరిచి మళ్లీ మూసుకోవడం.

సంచిలోంచి రిమాండు రిపోర్టు తీసింది. నాలుగు ముక్కలుగా చింపింది. విమల వాంగ్మూలం రాయడానికి తెల్ల కాగితం ఒకటి తీసి మోకాలి మీద పెట్టుకుంది. పెన్ను మూత తీసింది.

"మొదటిసారి ఎన్ని గంటలకు చెప్పబోయినవ్?"

"ఆరూ నలభై అయితుండె మేడం. మీ నెత్తి మీద గడియారం కనబడుతుండె."

"రెండోసారి?"

"ఏడుంబావుకు."

ప్రేమలత రెండు టైములూ రాసింది. పక్కన, ఎవరు చెప్పనివ్వలేదో రాయాల్సిన చోట, తన పూర్తి పేరూ హోదా రాసి, కాగితం విమల చేతికిచ్చి, అంతా సరిగ్గా ఉందో లేదో చదవమంది.